ఓడినోళ్ల సామాను

మా పుట్టింటి ఊరి వాట్సాప్ గ్రూపులో పోయిన నెల ఒక మెసేజ్ వచ్చింది. చెరువు కట్ట మీద కట్టమైసమ్మ గుడికి పది అడుగుల దూరంలో ఒక రాయి ఉంటది, నా నడుము ఎత్తు, దాని మీద కత్తి డాలు పట్టుకుని ఒకాయన, ఆయన కాళ్ల కాడ ఒక కుక్క, పైన చిన్నగ ఒక లింగం. చిన్నప్పుడు మేం ఆ రాయి ఎక్కి చెరువులకు దుంకేటోళ్లం, పెద్దోళ్లు కసిరేటోళ్లు గానీ మరీ గట్టిగ కాదు. ఇప్పుడు దాని ఫోటో పెట్టి పిల్లగాళ్లు రాసిందేందంటే, వెనుకట మన ఊరి దగ్గర పెద్ద యుద్ధం జరిగింది, ఈ వీరుడు అందులో శత్రువులను ఊచకోత కోసిండు, కాబట్టి కట్ట కింది ఖాళీ జాగలో గుర్రం మీద 15 అడుగుల విగ్రహం పెట్టి, దాని కింద మ్యూజియం కట్టాలె, ఇంటికి వెయ్యి రూపాయలు. దాని కింద దండం పెట్టే బొమ్మలు వరుసగ.

రాయి మీద గుర్రం లేదు. ఆ సంగతి ఎవరూ అడగలే. రెండు రోజులు తిరగకముందే ఆయన మా కులపోడంటే మా కులపోడని రెండు పార్టీలు తయారైనయి, ఒకరు ఆయనకు మీసం పెట్టి ఫోటో ఎడిట్ చేస్తే ఇంకొకరు బొట్టు పెట్టి చేసిన్రు. నేను 31 ఏండ్లు సోషల్ టీచర్‌గ చేసి రిటైర్ అయిన దాన్ని కాబట్టి "మేడం మీరు చెప్పుండ్రి" అని నన్ను ట్యాగ్ చేసిన్రు. "మ్యూజియం సరే, గుర్రం వద్దు" అని ఒక్క ముక్క రాసిన. ఇగ చూడాలె. మా చిన్నాయన కొడుకు ఒకడు "అక్కా నీకు ఊరి మీద ప్రేమ లేదు" అనుకుంట వాయిస్ మెసేజ్ కూడా పెట్టిండు. గుర్రం ఎందుకు వద్దంటున్ననో గ్రూపుల టైపు చేస్తే చదివేటోడు లేడు, అందుకే ఇక్కడ రాస్తున్న.

గడ్డి కుక్కిన గంట

నిరుడు బిడ్డ పురుడుకని జర్మనీ పోయిన. వాళ్లుండేది ఓస్నాబ్రూక్ అనే ఊర్లో. ఆదివారం వస్తే అక్కడ దుకాణాలన్నీ బంద్, రోడ్డు మీద మనిషి కనపడడు, నాకు పిచ్చి లేసినట్టుండేది. మా అల్లుడు అది గమనించినట్టుండు, "అత్తమ్మా, మీరు సోషల్ టీచర్ కదా, దగ్గర్లనే యుద్ధం జరిగిన జాగల మ్యూజియం ఉంది, పోయొద్దమా?" అన్నడు. నెల దాటని పసిపిల్ల, బిడ్డ రాలేదు. అత్త అల్లుడు ఇద్దరే కారులో పోవుడు, ఆయన ఏం మాట్లాడాలో తెల్వక వాతావరణం గురించి చెప్పుడు, నేను ఊఁ కొట్టుడు.

ఆ జాగ పేరు కాల్క్రీజ. నేను గోల్కొండ లెక్క ఏదో కోట ఉంటది, తోపులు ఉంటయి అనుకున్న. పోయి చూస్తే పొలం, అడవి, అంతే. మధ్యలో ఒక ఇనుప బిల్డింగు, దానికి 40 మీటర్ల టవర్, మొత్తం తుప్పు. "ఇంకా పెయింట్ వెయ్యలేదా" అని అడిగితే అల్లుడు నవ్వి, అది తుప్పు పట్టాలనే అట్లాంటి ఇనుము వాడిన్రు అన్నడు. 2002లో కట్టిన్రట. నాకైతే పాత సామాన్ల షాపు ముందర నిలబడ్డట్టే అనిపించింది. లోపలికి పోయి వచ్చినంక మాట మార్చుకున్న గానీ, మొదట అనిపించింది అనిపించినట్టు చెప్పాలె కదా.

కథ చిన్నగ చెప్త. క్రీ.శ. 9లో రోమ్ సైన్యం మూడు దళాలు, 17, 18, 19 నంబర్లవి, వారుస్ అనే ఆయన కింద నడుచుకుంట పోతున్నయి. ఒక దిక్కు గుట్ట, ఒక దిక్కు పెద్ద బురద నేల, మధ్యలో సన్నటి దారి. జర్మన్ తెగలు అక్కడ పట్టుకున్నయి. పదిహేను ఇరవై వేల మంది పోయిన్రని లెక్క. మాటు వేసిన ఆర్మీనియస్ ఎవడో బయటోడు కాదు, రోమ్ సైన్యంలోనే పనిచేసి, వారుస్ పక్కన కూసోని తిన్నోడే. రోమ్ తర్వాత ఎన్నడూ ఆ మూడు నంబర్లు ఇంకే దళానికీ పెట్టలే. మన దగ్గర చిన్నపిల్ల చనిపోతే ఆ పేరు మళ్లీ పెట్టనోళ్లు ఉంటరు చూడు, అట్ల.

ఇగ లోపల. అన్నిట్ల ముందు ఒక ఇనుప ముసుగు, రోమ్ గుర్రపురౌతు హెల్మెట్‌కు ముందర ఉండే మొహం, జానెడు కంటే కొంచెం చిన్నది. దాని మీద వెండి రేకు ఉండేదట, గెలిచినోళ్లు ఒలుసుకున్నరు, ఒట్టి ఇనుప మొహం అక్కడ పడేసి పోయిన్రు. దాని పోస్టర్లే ఊరంతా ఉన్నయి. అందరూ అక్కడ ఫోటోలు దిగుతున్నరు. నేను కూడా దిగిన.

కానీ నన్ను ఆపింది ఆ ముసుగు కాదు, ఒక కంచరగాడిద. దాని ఎముకల గూడు దొరికింది, మెడ విరిగి ఉంది, మెడల ఒక గంట. ఆ గంట లోపల గడ్డి కుక్కి ఉన్నది. ఎందుకంటే మోగొద్దని. ఆలోచించుండ్రి, ఆ బండి తోలేటోడు ఎవడో, చుట్టూ శత్రువులు ఉన్నరని తెలిసి, చప్పుడు కావొద్దని పక్కన చేన్ల చేతికందిన గడ్డి ఇంత పీకి గంటల కుక్కిండు. గంట కోసి పారేయలే, ఎందుకంటే మళ్లీ పనికొస్తది అనుకున్నడు. తప్పించుకుంట అనుకున్నడు. రెండు వేల ఏండ్ల తర్వాత ఆ గడ్డి ఏ గడ్డో, ఏ కాలంలో పీకిందో కూడా పరీక్ష చేసి చెప్పిన్రు. నేను క్లాసుల ఎన్ని యుద్ధాలు చెప్పిన, ఏండ్లు బట్టీ పట్టిచ్చిన, పిల్లలకు ఒక్క భయపడ్డ మనిషిని చూపించలేదు కదా అనిపించింది.

ఇంకో అద్దాల పెట్టెలో మూడు సీసపు గుండ్లు, రేగుపండు కంటే కొంచెం పొడుగు. వడిసెల గుండ్లు. 1987లో ఒక బ్రిటిష్ ఆర్మీ ఆఫీసరు, టోనీ క్లన్ అని, సరదాకు లోహం పసిగట్టే మిషిను పట్టుకుని ఈ పొలాలల్ల తిరిగితే మొదట వెండి నాణేలు దొరికినయి. నాణేలు ఎవడైనా పారేసుకోవచ్చు, వ్యాపారోడు పాతిపెట్టొచ్చు. ఆ తర్వాతి ఏడాది ఈ గుండ్లు దొరికినంకనే ఇక్కడికి వచ్చింది సైన్యం అని నమ్మిన్రు. చేతిల పట్టేంత సీసం ముక్కలు మూడు. "అల్లుడా, ఇసొంటిది మా నాయినమ్మ దగ్గర ఉండె" అన్న. గుండు కాదు, వడిసెల. జనపనారతోటి అల్లింది, జొన్నచేన్ల మంచె మీద నిలబడి పిట్టలను కొట్టేటందుకు. పిట్టలనే కాదు, ఆ సంగతి తర్వాత చెప్త.

అంతా తిరిగి బయటికొచ్చి కాఫీ తాగుతుంటే నాకు ఒకటి తట్టింది. "మరి గెలిచినోళ్ల సామాను ఏది? మొత్తం రోమోళ్లదే ఉంది కదా" అని అడిగిన. అల్లుడు కాసేపు ఆలోచించి "నిజమే అత్తమ్మా, వాళ్లవి దాదాపు ఏం లేవు" అన్నడు. గెలిచినోళ్లు తమ శవాలను, తమ కత్తులను తీసుకపోయిన్రు, ఓడినోళ్లయి దొరికిన కాడికి ఒలుసుకపోయిన్రు. బురదల తొక్కుకపోయినవి, కూలిన మట్టికట్ట కింద పడ్డవి, అవే మిగిలినయి. అంటే యుద్ధం జరిగిన నేల దాచిపెట్టేది ఓడినోళ్ల సామాను. గెలిచినోళ్లు ఎక్కడుంటరు మరి? విగ్రహాలల్ల.

ఏడు మీటర్ల కత్తి

ఆ విగ్రహం కూడా ఉంది, వేరే ఊర్ల. డెట్మోల్డ్ పక్కన గుట్ట మీద. అక్కడికి పోలే, తిరుగు దారిల అల్లుడు ఫోన్ల చూపించిండు. ఆర్మీనియస్‌కు జర్మన్లు హెర్మన్ అని పేరు పెట్టుకుని 1838లో మొదలుపెట్టి 1875లో పూర్తి చేసిన్రు. దిమ్మెతో కలిపి 53 మీటర్లు. పైకెత్తిన కత్తే 7 మీటర్లు, దాని మీద జర్మనీ ఐక్యత, బలం అని రాతలు. అప్పుడే ఫ్రాన్స్ మీద గెలిచి దేశం ఒక్కటైన ఊపు, అందుకే ఆయన మొహం ఫ్రాన్స్ దిక్కుకు ఉంటది. రెండు వేల ఏండ్ల కింద ఇటలీ నుంచి వచ్చినోళ్లతో కొట్లాడినోడు ఫ్రాన్స్ దిక్కు కత్తి ఎత్తుకుని ఎందుకు నిలబడ్డడంటే జవాబు లేదు. ఇంకా అన్యాయం ఏందంటే, విగ్రహం పెట్టినప్పుడు యుద్ధం ఎక్కడ జరిగిందో ఎవరికీ గట్టిగ తెల్వదు. ఆ చుట్టుపక్కలే ఉండొచ్చని పెట్టిన్రు. నూరేండ్లు దాటినంక సామాను దొరికిందేమో చాలా కిలోమీటర్ల దూరంలో, కాల్క్రీజలో. విగ్రహం అట్లనే ఉంది, దాన్ని ఎవరు జరుపుతరు.

మా ఊరి గుర్రం మెసేజ్ చూడగానే నాకు గుర్తొచ్చింది ఈ ఏడు మీటర్ల కత్తే. ముందు విగ్రహం పెడ్తం, తర్వాత చరిత్ర దానికి తగ్గట్టు వెతుక్కుంటం.

కాల్క్రీజ మ్యూజియంలో నాకు నచ్చిన ఇంకో సంగతి ఏందంటే, వాళ్లు తమ అనుమానం దాచుకోలే. అక్కడ ఒక పొడుగు మట్టికట్ట ఉంది, జర్మన్లు మాటు వేసేటందుకు కట్టిందని మొదట చెప్పిన్రు, కథకు మస్తుగ కుదిరింది. తర్వాత తవ్వకాలల్ల, కాదు కాదు ఇది రోమోళ్లే ప్రాణం దక్కించుకోను కట్టుకున్న క్యాంపు గోడ కావచ్చు అనే మాట లేసింది. అసలు ఇది వారుస్ యుద్ధమేనా, లేకుంటే ఆరేండ్ల తర్వాత జర్మానికస్ అనే సేనాని వచ్చినప్పటి కొట్లాటనా అని ఇప్పటికీ కొట్లాడుకునేటోళ్లున్నరు. 2022లో ఇత్తడి ముక్కల లోహం పరీక్ష చేసి 19వ దళం సామానుతోటి కలుస్తుందని చెప్పినంక వారుస్ దిక్కు తూకం వంగింది. మ్యూజియం కట్టినంక కూడా "మేం అనుకున్నది తప్పు కావచ్చు" అనగలుగుడు నాకు చాలా పెద్ద సంగతి అనిపించింది. బయట రోమోళ్లు నడిచిన దారి అనుకున్న చోట పెద్ద పెద్ద ఇనుప పలకలు పరిచిన్రు, మనం వాటి మీద నడవాలె. దారి వంకర పోతది, పలకలు ఒక్కోచోట దగ్గర దగ్గరగ, ఒక్కోచోట చెల్లాచెదురు. ఒక్క బొమ్మ లేదు, ఒక్క గుర్రం లేదు.

ఆ సామాను ఇన్ని ఏండ్లు మట్టిల ఎట్ల ఆగింది అంటే దానికి కారణం రైతులు. కొన్ని వందల ఏండ్లు అక్కడి రైతులు గడ్డి చెక్కలను మట్టితో సహా చెక్కి, పశువుల కొట్టంల పరిచి, ఆ పెంటను మళ్లీ చేన్ల పోసిన్రు. అట్ల పోసీ పోసీ పొలం మీటరు దాకా లేసింది, నాగలి కింది పొర దాకా పోలే. మనం చెరువు మట్టి తోలుకున్నట్టే. చరిత్రను కాపాడుతున్నం అని వాళ్లకేం తెలుసు, పంట కోసం పెంట పోసిన్రు.

మనకు జాతర ఉంది కదా

ఇదంతా మా సారుకు, అంటే మా ఆయనకు, చెప్తే ఒక్క మాటతోటి కొట్టేసిండు. "కారంపూడిల అద్దాల పెట్టెలు ఉన్నయా? మనకు జాతర ఉంది. మ్యూజియం జాతర లేనోళ్లకు."

ఈ మాట తీసెయ్యలేను. మా అత్తమ్మ పుట్టిల్లు మాచర్ల దిక్కు, సాగర్ దాటితే అయిపాయె, పెండ్లైన కొత్తల ఒకసారి కార్తీక అమావాస్యకు కారంపూడి తీసుకపోయిన్రు. పల్నాటి యుద్ధం జరిగింది నాగులేరు ఒడ్డున అక్కడనే కదా, 12వ శతాబ్దంలో. వీర్ల గుడిలో అన్ని ఊర్ల నుంచి వీరాచారం ఉన్నోళ్లు కొణతాలు, అంటే ఆ వీరుల ఆయుధాలు, పట్టుకుని వస్తరు, వాటికి స్నానం, పసుపు, కుంకుమ. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజులు. కులం లేకుండ అందరూ ఒక్క చాప మీద కూసోని తినే చాపకూడు ఉంటది. చివరి రోజు ఆ ఆయుధం పట్టుకున్న మనిషి నేల మీద ఒరిగిపోతడు, పక్కన ఆడోళ్లు నిజంగ ఏడుస్తరు. నేను ఏడ్చిన. ఎవరి కోసం ఏడ్చిన అంటే చెప్పలేను, బాలచంద్రుడు నాకేమైతడు. కాల్క్రీజలో ఎవరూ ఏడవలే. ఎనిమిది వందల ఏండ్ల కింద చచ్చినోని కత్తికి ఏటేటా నీళ్లు పోసుడు ముందర ఏ మ్యూజియం నిలబడుతది? సారు మాట నిజం.

కానీ కారంపూడిలో కూడా పూజ ఎవరికి? వీరులు పోయిన్రు, రెండు దిక్కులా మొత్తం నాశనమైంది, గెలిచిన నలగామరాజుకు మిగిలింది ఏందో కథ విన్నోళ్లకు తెలుసు. కోర్టుల ఓడినోడు అక్కడనే ఏడిస్తే గెలిచినోడు ఇంటికొచ్చి ఏడ్చిండంటరు, ఆ లెక్క. మన పాతోళ్లకు ఈ సంగతి బాగ తెలుసు. వీరగల్లు అనేదే చచ్చినోనికి పెట్టే రాయి. గెలిచి ఇంటికొచ్చి ముసలోడై పోయినోనికి వీరగల్లు లేదు. నాగార్జునకొండ మ్యూజియంలో, అదే లాంచీల పోయి చూస్తం చూడు, ఇక్ష్వాకుల కాలం నాటి ఛాయా స్తంభాలున్నయి, యుద్ధంలో పోయిన సైనికులవి, ఒక పనివాళ్ల మేస్త్రిది కూడా. కింద లోయ మొత్తం డ్యామ్ నీళ్లల్ల మునిగింది, తీసుకురాగలిగినవి పైకి తెచ్చిన్రు. పిల్లలను టూర్ తీసుకపోతే వాళ్లు చూసేది బుద్ధుని, ఈ స్తంభాల ముందర ఎవరూ ఆగరు. నేను కూడా ఏండ్ల తరబడి "పదండి పదండి లాంచీ టైమైతుంది" అన్న దాన్నే.

జాతర దుఃఖాన్ని కాపాడుతది, ఒప్పుకుంట. అనుమానాన్ని కాపాడదు. నాయకురాలు నాగమ్మ నిజంగ ఎట్లాంటిది అని జాతరల అడిగితే తంతరు. అడిగే జాగ ఒకటి ఉండాలె, నాకు మ్యూజియం కావాల్సింది అందుకే. జాతర బదులు కాదు, జాతర పక్కన.

నేను మొదటి పోస్టింగు వనపర్తి దిక్కు చేసిన. అక్కడ పానగల్ ఖిల్లా ఉంది. 1417లో ఫిరోజ్ షా బహమనీ పానగల్‌ను ముట్టడించి రెండేండ్లు కూసున్నడు, క్యాంపుల రోగాలు వచ్చి మనుషులు, గుర్రాలు పోయినయి, ఆఖరుకు విజయనగరం రాజు దేవరాయలు వచ్చి ఓడగొట్టిండు. (మా సారుది నల్గొండ పానగల్లు కాబట్టి ఆ పానగల్ మాదే అంటడు, ముప్పై ఏండ్ల నుంచి ఇంట్ల ఈ యుద్ధం నడుస్తనే ఉంది.) గెలిచినోళ్లు తలకాయలతోటి దిబ్బ కట్టిన్రని ఫెరిష్తా అనే చరిత్రకారుడు రాసిండు, ఆయన రాసింది రెండు వందల ఏండ్లకు గాబట్టి ఎంత నిజమో ఆలోచించాలె. ఆ ఖిల్లాకు పిల్లలను తీసుకపోయినప్పుడు ఒకడు అడిగిండు, "టీచర్, రోగమొచ్చి సచ్చిన గుర్రాలను ఏడ పెట్టిన్రు?" నేను "ముందు గేటు చూడు" అన్న. అసలు అడగాల్సిన ప్రశ్న వాడే అడిగిండు, నేనే మింగేసిన. ఇప్పుడైతే వాన్ని పట్టుకుని పొద్దుగూకే దాంక మాట్లాడుదు.

చెప్పులు

ఇగ నా మాటలకు నా దగ్గరనే ఉన్న అభ్యంతరం చెప్త. ఓడినోళ్లు అంటే మంచోళ్లని కాదు. కాల్క్రీజలో 2018లో ఒక రోమ్ సైనికుని ఇనుప కవచం దొరికింది, దాదాపు మొత్తంగ. ఆ కవచం భుజాల కాడ ఒక ఇనుప పట్టెడ, మెడకు వేసి చేతులు కూడా దానికే బిగించే సంకెల. అది రోమోళ్లదే, పట్టుకున్నోళ్లను బానిసలుగ తీసుకపోను వాళ్లే మోసుకొచ్చింది. దాన్ని చివరికి వాళ్లోనికే వేసిన్రు అనుకుంటున్నరు. సంకెల మోసుకొచ్చినోని కోసం నేను ఎందుకు జాలి పడాలె? పన్నులు గుంజను, బానిసలను పట్టను వచ్చినోడు కదా. కానీ ఆ కవచం ముందర నిలబడితే జాలి, కోపం రెండూ ఒక్కసారే వస్తయి, ఏది ముందు అనేది తెల్వదు.

దూరం దేశం కాబట్టి ఇది సులువు. దగ్గరికొస్తే అంత సులువు కాదు. మా నాయినమ్మ వడిసెల సంగతి చెప్తన్నా కదా. 1948 ఎండకాలం రజాకార్లు లారీల మా ఊరి మీదికి వచ్చినప్పుడు మగోళ్లు చెరువు కట్ట మీద వడిసెలలతోటి నిలబడ్డరు, ఆడోళ్లు కొంగుల రాళ్లు మోసిన్రు, కారంపొడి మూటలు కట్టిన్రు. నల్గొండ జిల్లాల ఇసొంటి కథ లేని ఊరు తక్కువ. మా పెదనాయినను అంతకు ముందే ఒకసారి చింతచెట్టుకు కట్టేసి కొట్టిన్రు, ఆయన ఆ దెబ్బలకే పోయిండు. ఆ రోజు కట్ట మీద ఒక రజాకారుకు రాయి తగిలి చెరువు బురదల పడ్డడు, వాళ్లోళ్లు లాక్కుని లారీల వేసుకుని పోయిన్రు. బతికిండో సచ్చిండో. చెప్పులు బురదల ఇరుక్కపోయినయి.

నాయినమ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా లారీ సంగతి, కారంపొడి సంగతి గబగబ చెప్పి చెప్పుల దగ్గర ఆగేది. "కొత్త చెప్పులే బిడ్డా, కింద మేకులు గూడ అరగలే. పది రోజులు ఆడనే ఉండె, ఒక్కలు ముట్టలే. ఎవ్వ కొనిచ్చిందో, పండుగకు." ఆమె కొడుకును సంపినోళ్ల మనిషి వాడు. ఆమె వాన్ని క్షమించిందని కాదు, ఆ జాతి పేరు ఎత్తితే ఉమ్మేసేది. కానీ చెప్పుల కాడికి వస్తే అదే మాట, "ఎవ్వ కొనిచ్చిందో."

మా ఊర్ల మ్యూజియం అంటూ కడితే, నా లెక్క ప్రకారం అయితే, అందుల నాయినమ్మ వడిసెల ఉండాలె, పక్కన ఆ చెప్పుల సంగతి కూడా ఉండాలె. చెప్పులు లేవు, ఎప్పుడో ఎవరో తొడుక్కున్నరు, కానీ సంగతి ఉంది కదా. ఈ మాట మా అన్నకు ఫోన్ల చెప్పిన. మా పెదనాయిన పేరే ఆయనకు పెట్టిన్రు. కాసేపు ఏం మాట్లాడలే. తర్వాత "రజాకారు చెప్పులు మ్యూజియంల పెడ్తవా? పెదనాయిన గోచి పెట్టడానికి గూడ దొరకలే మనకు. ఆయనది ఏం పెడ్తవు?" అన్నడు. నేను చదివిన చదువు, జర్మనీ మ్యూజియం, కంచరగాడిద గంట, అన్నీ ఆ ఒక్క మాట ముందర ఎండుటాకుల లెక్క ఎగిరిపోయినయి. మా విషయంల ఓడినోళ్ల సామాను మిగిలింది, పోయినోళ్ల సామాను మిగలలే. ఇది నా సిద్ధాంతంల లేదు. ఇప్పటికీ దానికి జవాబు కుదర్చలేక పోతున్న, ఇంత దూరం రాసినంక కూడా. చెప్పుల సంగతి పెట్టాలె అనే అనుకుంటున్న, అన్న బతికి ఉండగా నా చేతులతోటి పెట్టలేను అని కూడా అనుకుంటున్న.

బోర్డు

ఇంకో అభ్యంతరం ఉంది, చిన్నదే గానీ రోజూ కనపడేది. కట్టిన మ్యూజియంలు ఎట్లున్నయో మనకు తెల్వదా. ఒకదానికి పోతే, ఏదో చెప్పను, తాళం వేసి ఉంది, వాచ్‌మన్ అన్నానికి పోయిండు, వచ్చి తలుపు తీసినంక ట్యూబ్‌లైటు వెలగలే, ఫోన్ లైటు పెట్టుకుని చూసిన. ప్రతి రాయి కింద "శిల్పం, 12వ శతాబ్దం" అంతే. ఆ రాయి ఏ ఊరిదో, ఏ కట్ట మీద ఉండెనో లేదు. కట్ట మీద నుంచి తెచ్చి గోడకు ఆనిచ్చినంక అది ఉత్త రాయి అయిపోతది. ఇసొంటి మ్యూజియం అయితే వద్దు, దానికంటే పిల్లలు ఎక్కి దుంకుడే నయం. ఇంకో దిక్కు రైతుల భయం, పొలంల ఏదన్న దొరికితే భూమి గుంజుకుంటరని, దొరికిన రాయిని బట్టలు ఉతికే బండ చేస్తరు. గుప్తనిధులని రాత్రిపూట తవ్వేటోళ్లు సరేసరి. ఈ మధ్యన పెట్టుకుని మ్యూజియం అంటే, నా దృష్టిల బిల్డింగు కూడా అక్కర్లేదు. రాయి ఉన్న చోటనే ఉండాలె, పైన చిన్న రేకుల నీడ, పక్కన ఒక బోర్డు. అంతే. పేరు గొప్ప ఊరు దిబ్బ అనిపించుకోకుండ.

పోయిన ఆదివారం గ్రూపు అడ్మిన్ పిల్లగాడు, నా దగ్గర తొమ్మిదిల చదువుకున్నోడే, నల్గొండల మా ఇంటికి వచ్చిండు. మేడం గుర్రం సంగతి తర్వాత, బోర్డుకైతే నాలుగు లైన్లు రాసియ్యండి అన్నడు. రాసిచ్చిన. "ఈయన పేరు తెల్వదు. ఏ కులమో తెల్వదు. యుద్ధంలో పోయిండో, పశువుల దొంగలను తరిమి పోయిండో, అడవిపంది చేతుల పోయిండో తెల్వదు. ఈ ఊరోళ్లు ఆయనను మర్చిపోవద్దనుకున్నరు. కాళ్ల కాడ ఆయన కుక్క ఉంది."

వాడు రెండు సార్లు చదివిండు. "ఇది చదివి ఎవరన్న వెయ్యి రూపాయలు ఇస్తరా మేడం" అన్నడు. ఇయ్యరు అన్న. చాయ తాగి, కాగితం మడిచి జేబుల పెట్టుకుని పోయిండు. ఇక అయిపోయింది అనుకున్న.

సాయంత్రం ఆరింటికి ఫోన్ చేసిండు, గాలి చప్పుడు వస్తుంది, కట్ట మీద ఉన్నడు. "మేడం, ఇన్నేండ్లల్ల కుక్కను నేను సరిగ్గ చూడనే లే. నోరు తెరిచి ఉంది, పైకి చూస్తుంది ఆయన దిక్కు. మెడకు ఏదో ఉంది మేడం, తాడో, పట్టీనో, చిన్న గంట లెక్క గూడ అనిపిస్తుంది, పసుపు మందంగ ఉంది అర్థమైతలేదు."

"గీకకు. చెరువుల నీళ్లు తెచ్చి మెల్లగ పోసి కడుగు" అన్న.

"ఉండుండ్రి" అని ఫోన్ రాయి మీద పెట్టినట్టున్నడు, కట్ట దిగుతున్న చెప్పుల చప్పుడు వినిపించింది.